నూట పన్నెండో పేజీ, నాలుగో స్టెప్

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి, మేడమీద వాటాలో అద్దెకుండే ఒక బుద్ధిమంతుడు తన కారు ముందు చక్రం పక్కన బోర్లా పడుకుని, చేతిని భుజం దాకా బంపర్ వెనక సందులోకి దూర్చాడు. దూర్చిన చెయ్యి వెనక్కి రావడం లేదు. అయినా మొహం మాత్రం ఏదో కులాసాగా నేలని పరీక్షిస్తున్నవాడిలా పెట్టాడు.

అతను పుస్తకాలు రాస్తాడు. కథలూ నవలలూ అనుకునేరు, అంత అదృష్టం కూడానా! కొత్త కారు కొంటే డాష్‌బోర్డు అరలో ఒక లావుపాటి పుస్తకం పెట్టి ఇస్తారు చూశారూ, ఎవ్వరూ తెరవనిది, అది. టైరు మార్చడం ఎలా, వైపర్ మార్చడం ఎలా, ఫ్యూజు మార్చడం ఎలా, అన్నీ అతనే రాశాడు. తన చేత్తో ఇంతవరకూ ఒక్కటీ మార్చలేదు.

మూత సులభంగా తెరవండి, మర సులభంగా బిగించండి, బల్బును సులభంగా తీయండి. ఆ మాట లేకుండా అతనికి పేజీ పూర్తవదు. అందుకే ఆఫీసులో అతన్ని అందరూ "సులభంగారూ" అని పిలుస్తారు. మొదట్లో అది మెచ్చుకోలు అనుకున్నాడు పాపం.

మొన్న శుక్రవారం మీటింగులో మేనేజర్ పుస్తకం చదివినవాళ్లు పంపే సూచనల కార్డు ఒకటి చదివి వినిపించాడు. "పేజీ 112, ఫాగ్ లైట్ బల్బు మార్చే విధానం, నాలుగో స్టెప్: 'బల్బును సులభంగా బయటికి తీయండి.' ఈ వాక్యం రాసినవారు ఒక్కసారి ఆ సందులో చెయ్యి పెట్టి చూడవలసిందిగా మనవి. ఇట్లు, ఆరో నంబర్ మెకానిక్."

మీటింగంతా ఘొల్లుమంది. మేనేజర్‌కి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. సులభంగారికి పౌరుషం వచ్చింది. తన కారూ అదే మోడల్, దానికీ ఒక ఫాగ్ లైటు వెలగడం లేదు. పది నిమిషాల పని, రాసింది నేనేగా అనుకుని బల్బు కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు నేలమీద పడున్నాడు.

"ఏం నాయనా, ఏదైనా పడిపోయిందా?" మెట్లమీద కూర్చున్న మామ్మగారు అడిగారు. ఇంటి ఓనరు ఆవిడే.

"లేదండీ మామ్మగారూ. ఊరికే చూస్తున్నాను."

"అరగంట నుంచీ చూస్తున్నావు. రెండో చెయ్యేదీ?"

"లోపల ఉందండీ."

"బయటికి తియ్యరాదూ?"

"తీస్తానండీ, తొందరేముంది."

మామ్మగారు లోపలికి తిరిగి కేకేశారు. "ఏమేవ్, ఇలా రా! మేడమీద అబ్బాయి కారుకి అతుక్కుపోయాడు!"

ముందు ఒక జత చెప్పులు వచ్చాయి. తర్వాత కాఫీ కప్పు. ఆ తర్వాత, ఆమె వంగి చూసినప్పుడు, తలకిందులుగా ఒక మొహం. మామ్మగారి మనవరాలు ప్రతి ఆదివారం వస్తుందని అతను ఆర్నెల్లుగా వింటూనే ఉన్నాడు. కానీ ఆదివారం పన్నెండింటిదాకా పడుకునేవాడికి ఎవరు కనిపిస్తారు?

"స్టీరింగ్ తిప్పారా?" అంది.

"ఎటండీ?"

"ఎటేంటండీ బాబూ! ఏ పక్క బల్బు మారుస్తారో దానికి ఎదురు పక్కకి. అప్పుడు చక్రం లోపలికి జరిగి, చెయ్యి పట్టేంత చోటొస్తుంది."

"పుస్తకంలో లేదండీ."

"ఆ పుస్తకంలో ఉండాల్సినవేవీ ఉండవు." ఆమె కప్పు పక్కన పెట్టి, నేలమీద మోకాళ్లు ఆనించింది. "నేను మెకానిక్‌ని. రోజూ దాంతోనే వేగుతున్నాను. కదలకండి, మీ వాచీ పట్టీ లోపల బ్రాకెట్‌కి తగులుకుంది."

ఆమె చెయ్యి కూడా ఆ సందులోకే వచ్చింది. అంత ఇరుకులో ఆమె వేళ్లు అతని మణికట్టు మీద పట్టీ కోసం వెతుకుతుంటే అతను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. ఈ స్టెప్ కూడా పుస్తకంలో లేదు.

పట్టీ ఊడింది. చెయ్యి బయటికొచ్చింది. వాచీ మాత్రం టంగుమని బంపర్ లోపలికి జారిపోయింది.

ఆమె పుస్తకం అందుకుని నూట పన్నెండో పేజీ తీసింది. "నాలుగో స్టెప్. బల్బును తేలిగ్గా బయటికి తీయండి. తేలిగ్గా అట!"

"తేలిగ్గా కాదండీ, సులభంగా," అన్నాడు అతను, నేలమీంచి లేస్తూ.

ఆమె ఒక్క క్షణం అతన్నే చూసింది. చెంపకంటిన గ్రీజు చూస్తోందనుకుని అతను గబగబా తుడుచుకున్నాడు. అది రెండో చెంపకీ అంటింది.

"దీనిమీద మొన్ననే కార్డు పంపాను," అందామె. "పుస్తకం వెనకట్టలో సూచనల కార్డులుంటాయి చూడండి. రెండేళ్లుగా పంపుతున్నాను. ఆరో నంబర్ మెకానిక్ అని సంతకం పెట్టి."

ఆరో నంబర్ మెకానిక్ అంటే తెల్లమీసాలూ లావు కళ్లజోడూ ఉన్న పెద్దాయనని ఊహించుకుని సులభంగారు రెండేళ్లుగా భయపడుతున్నాడు. ఆ పెద్దాయన ఇదుగో, జడ ముడేసుకుని, ముక్కుమీద మట్టితో నిలబడి ఉంది.

చెప్పేయడానికి అదే సమయం. 'అది రాసింది నేనేనండీ' అంటే సరిపోయేది. అతను గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచాడు.

"రాసినవాడెవడో శుద్ధ వెధవండీ," అన్నాడు.

"మీరేం చేస్తుంటారు?"

"ఆఫీసులో... కాయితాల పని."

"ఓహో." ఆమె కారు చుట్టూ తిరిగింది. "ఇంతకీ ఏ పక్క లైటు పోయింది?"

"ఎడమదండీ. సర్వీసు స్లిప్పు మీద రాసిచ్చారు."

"మరి కుడిదాంట్లో చెయ్యి పెట్టారేం?"

అతను కారుకి ఎదురుగా నిలబడి తన ఎడమచేతి వైపు చూసుకున్నాడన్నమాట.

"డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి ఏది ఎడమో, కారుకీ అదే ఎడమ. మూడో పేజీలోనే ఉంది."

"మూడో పేజీ ఎవరు చదువుతారండీ?"

"రాసినవాడు కూడా చదివుండడు," అంది.

నిజమే. పాత పుస్తకంలోంచి ఎత్తి రాశాడు.

"పోనీ మీరే మార్చిపెట్టకూడదూ?" అని బతిమాలాడు.

"ఊహూ. 'ఎవరైనా ఇంట్లోనే మార్చుకోవచ్చు' అంటోంది కదా పుస్తకం. మీలాంటి మామూలు మనిషి మళ్లీ దొరకడు. మీరే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని టైము రాసుకుంటాను."

"ఎందుకండీ?"

"కార్డు రాయడానికి."

ఆ పూట చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఊడదీయబోయి మూడు క్లిప్పులు విరగ్గొట్టాడు. కొత్త క్లిప్పులు వచ్చే ఆదివారం తెస్తానందామె. క్లిప్పులు విరిగినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు.

బుధవారం కార్డు వచ్చింది. మేనేజర్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పేజీ 112. ఒక మామూలు మనిషి చేత ఈ పని చేయించి చూశాను. పట్టిన సమయం గంటన్నర. విరిగినవి మూడు క్లిప్పులు. పోయినది ఒక వాచీ. బల్బు మారలేదు. లోపం ఆ మనిషిది కాదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. మీ పుస్తకాన్ని నమ్మడం ఒక్కటే అతని తప్పు."

"ఎవడండీ బాబూ ఈ మామూలు మనిషి?" అన్నాడు మేనేజర్. "ఇలాంటివాళ్ల చేతికి కూడా కార్లిస్తున్నారా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా సులభంగారు నవ్వాడు. చెంపమీద గ్రీజు ఇంకా పూర్తిగా వదల్లేదు.

తన గదికొచ్చి సొరుగు లాగాడు. రెండేళ్ల కార్డులు ముప్ఫై ఎనిమిది ఉన్నాయి, ఇది ముప్ఫై తొమ్మిదోది. ఒక్కోటీ మూడుసార్లు చదివాడు. నిజం చెప్పొద్దూ, చాలా పేజీలు వాటిని చూసే సరిదిద్దాడు. సరిదిద్దానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రతి కార్డు అడుగునా ఒక వాక్యం అచ్చై ఉంటుంది: 'మీ ప్రతి సూచనకూ తప్పక జవాబిస్తాం.' అదీ అతను రాసిందే, టీ తాగుతూ, ఒక నిమిషంలో. ఇంతవరకూ ఒక్క జవాబూ ఇవ్వలేదు.

ఆమె అంటే ఇష్టం పుట్టేసింది, అందులో అనుమానం లేదు. చెయ్యి ఇరుక్కున్నప్పుడే పుట్టింది. కానీ ఆ వెధవని నేనే అని చెబితే ఆమె మళ్లీ మొహం చూడదు. చెప్పకపోతే ప్రతి ఆదివారం ఆమె ఎదురుగా కూర్చుని అబద్ధమాడాలి. కారు గురించి నాలుగొందల పేజీలు రాసినవాడికి, ఈ చిక్కులోంచి బయటపడడానికి ఒక్క స్టెప్ తోచలేదు.

రెండో ఆదివారం అన్నీ సవ్యంగా మొదలయ్యాయి. సరైన పక్కే కూర్చున్నాడు. స్టీరింగ్ తిప్పాడు. ఆమె చూపించినట్టు ఒక్కో క్లిప్పు నడిమి పిన్ను ముందు లాగి, తర్వాత క్లిప్పు తీశాడు. వైరు ఊడదీసి, బల్బుని పావు వంతు తిప్పితే చేతిలోకొచ్చేసింది. బోర్లించిన బకెట్ మీద కూర్చున్న ఆమె చప్పట్లు కొట్టింది.

"ముప్ఫై అయిదు నిమిషాలు! పర్లేదే!"

ఆ పొగడ్తకి ఒళ్లు తెలియక, అతను కొత్త బల్బు పెట్టెలోంచి తీసి, పతకం గెలిచినవాడిలా పైకెత్తి చూపించాడు.

"అయ్యో రామ! గాజు ముట్టుకున్నారు! చేతి జిడ్డంటితే వేడికి బల్బు మాడిపోతుంది, తెలీదా?"

"తెలుసండీ." తెలియకేం, పెద్దక్షరాలతో, చుట్టూ గీత గీసి మరీ రాశాడు.

"తెలిసీ ఎందుకు పట్టుకున్నారు?"

"మిమ్మల్ని చూస్తూ పట్టుకున్నానండీ."

అనేశాక గాని తనేమన్నాడో అతనికి తెలియలేదు. మెట్లమీద మామ్మగారు మెడ సాచారు.

"ఏమన్నాడే?"

"బల్బు పాడైందట అమ్మమ్మా!" అందామె, ఎర్రబడిన మొహం పుస్తకంలో దాచుకుంటూ.

స్పిరిట్‌తో తుడిస్తే సరిపోయేదని అతనికి తర్వాతెప్పుడో తెలిసింది. ఆమెకి అప్పుడే తెలుసు.

అంతలో చినుకులు పడ్డాయి. ఇద్దరూ మెట్ల కింద తలదాచుకున్నారు. మామ్మగారు లోపలికెళ్లారు, కిటికీ మాత్రం తెరిచే ఉంచారు.

"అన్నన్ని కార్డులు ఎందుకు రాస్తారు మీరు?" అడిగాడు.

"మా వర్క్‌షాపుకి ఒకాయన వచ్చేవాడు. టైరు మారుస్తూ జాకీ తప్పు చోట పెట్టి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుస్తకంలో బొమ్మ తప్పు. ఆ రోజు మొదలుపెట్టాను." చూరు నుంచి కారే నీళ్లకింద ఆమె చెయ్యి చాపింది. "తప్పులు రాసినందుకు నాకు కోపం లేదండీ. ఎవరు చెయ్యరు తప్పులు? తప్పక జవాబిస్తాం అని కింద రాసి, ఒక్క ముక్క కూడా రాయకపోతే మాత్రం ఒళ్లు మండుతుంది. గోడతో మాట్లాడినట్టుంటుంది. ఇంకొక్క కార్డు రాస్తాను. అదే ఆఖరిది. ఆ తర్వాత ఆ పుస్తకంతో నాకు పని లేదు."

అతను చొక్కా మీది చినుకులు దులుపుకున్నాడు.

"మీరేమీ అనరా?" అందామె, అతని వైపు తిరిగి.

ఇంతకంటే మంచి సమయం ఎవరిస్తారు? పళ్లెంలో పెట్టి ఇచ్చింది. అతను చూరు వైపు చూశాడు.

"వర్షం తగ్గేలా ఉందండీ," అన్నాడు.

ఆమె చినుకుల్లోనే లోపలికి వెళ్లిపోయింది. తనంత దద్దమ్మని తయారుచేసే కంపెనీ ఎక్కడా ఉండదనుకుంటూ అతను ఒక్కడూ బయటికొచ్చి తడిశాడు.

నలభయ్యో కార్డు గురువారం వచ్చింది.

"పేజీ 112. ఇది నా ఆఖరి కార్డు. మామూలు మనిషి ఈసారి ముప్ఫై అయిదు నిమిషాల్లో బల్బు తీశాడు. శ్రద్ధ ఉంది, నేర్చుకుంటాడు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పడు. మీ పుస్తకం చదివి చదివి అలా తయారయ్యాడేమో. ఇక సెలవు."

"హమ్మయ్య, పీడ వదిలింది," అన్నాడు మేనేజర్.

"పీడ కాదండీ," అన్నాడు సులభంగారు. గదిలో అందరూ అతని వైపు తిరిగారు. "నేను రాసింది నిజంగా చదివిన మనిషి లోకంలో ఆవిడొక్కతే. ఆ మామూలు మనిషిని నేనే. అవును, వాచీ పోగొట్టుకున్నదీ నేనే. ఇప్పుడు నవ్వండి."

నవ్వారనుకోండి. ఆ సంగతి పట్టించుకునే తీరిక అతనికి లేదు. ఆ పూటా, మర్నాడూ, శనివారమూ తలెత్తకుండా కూర్చుని రాశాడు.

మూడో ఆదివారం ఎదుటి ఇల్లు కూడా కనబడనంత పొగమంచు. ఆమె కొత్త బల్బూ ఒక జత చేతి తొడుగులూ పట్టుకుని కారు దగ్గర నిలబడి ఉంది. నవ్వలేదు.

"తొందరగా కానివ్వండి. నాకు పనుంది," అంది.

"బల్బు తర్వాతండీ. ముందొక మాట చెప్పాలి." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఆ పుస్తకం రాసిన వెధవని నేనే."

"తెలుసు."

"తెలుసా! ఎప్పటి నుంచీ?"

"మొదటి ఆదివారమే. 'తేలిగ్గా కాదండీ, సులభంగా' అన్నారు. మట్టిలో పొర్లి లేస్తున్నవాడికి ఆ పుస్తకంలో ఒక్క మాట మారితే గుచ్చుకుందంటే, వాడు రాసినవాడు కాక ఇంకెవడవుతాడు?"

"మరి నాతో అనలేదేం?"

"నేనెందుకు అనాలి? మీరు చెప్పాలి!" ఆమె గొంతు పెరిగింది, కళ్లు ఎర్రబడ్డాయి. "మీరు చదువుతారని తెలిసే ఆ రెండు కార్డులూ మీకే రాశాను. ముప్ఫై ఎనిమిది కార్డులకి జవాబు రాకపోతే కోపమొచ్చిందంతే. ఈ రెంటికీ రాకపోతే ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చుని అడిగితే వర్షం తగ్గేలా ఉందంటారా?"

అతను తలొంచుకుని, వెనక దాచిన కట్ట ఆమె చేతిలో పెట్టాడు. నలభై కాయితాలు, వరుసగా నంబర్లు వేసి దారంతో కట్టినవి. ఆమె చేతి తొడుగులు చంకలో పెట్టుకుని మొదటిది విప్పింది.

'1. జాకీ బొమ్మ మీ కార్డు చూశాకే మార్చాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆయన కాలు ఎలా ఉంది?'

ఆమె ఆ కాయితాన్ని రెండోసారి చదివింది.

"బాగానే నడుస్తున్నాడు," అంది మెల్లిగా. తర్వాత ఒక్కోటీ తిప్పింది. '17. మీరన్నది నిజం. తెలియక రాశాను.' '23. ఇదీ తెలియకే.' '24. ఇది తెలుసు గాని బద్ధకించాను.' అక్కడ ఆమె పెదవి కదిలింది. '38. సులభంగా కాదు. చెయ్యి పెట్టి చూశాను.' అక్కడ పకాలున నవ్వేసి, మళ్లీ కోపం గుర్తొచ్చి మూతి బిగించింది.

"లైటు వెలిగిందా లేదా?" మెట్ల మీంచి మామ్మగారు కేకేశారు. "ఆ కాయితాలు లోపల కూర్చుని చదువుకోవచ్చు!"

అతను తొడుగులు వేసుకున్నాడు. స్టీరింగ్, క్లిప్పులు, పావు తిప్పు, వైరు. ఎవరూ టైము రాసుకోలేదు. స్విచ్చి వేస్తే మంచులోంచి పసుపురంగు వెలుగు పోయి ఎదుటి గోడమీద పడింది. ఎడమదే. అతను సీట్లో కూర్చుని మరీ సరిచూసుకున్నాడు.

"వెలిగింది మామ్మగారూ!"

"ఇంకా వాచీ ఉందిగా లోపల," అన్నారావిడ. "అది తీసేసరికి ఎన్ని ఆదివారాలు పడుతుందో ఏమో. ఎన్నైనా పట్టనీ నాయనా, ఆదివారం భోజనం మాత్రం ఇక కిందే. మా మనవరాలు ఒకరికోసం ఇంత పొద్దున్నే లేవడం నేనెప్పుడూ చూళ్లేదు."

"అమ్మమ్మా!"

ఆమె గిరుక్కున ఇటు తిరిగి, కారులోంచి పుస్తకం తీసింది. వెనకట్టలోంచి ఒక కార్డు లాగి, బానెట్ మీద పెట్టి చకచకా రాసి, అతని చేతిలో పెట్టింది.

'పేజీ: ఏ పేజీలోనూ లేదు. సమస్య: రాసినవారు మూడు ఆదివారాలుగా అసలు మాట చెప్పడం లేదు. సూచన: సులభంగా చెప్పవచ్చు.'

అడుగున అచ్చై ఉన్న వాక్యంలో 'తప్పక' కింద గట్టిగా గీత గీసింది.

అతను జేబులో పెన్ను కోసం వెతుక్కున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాయడం కాదు. చెప్పండి."

చెప్పడమంటే పేజీ లేదు, బొమ్మ లేదు, తప్పు దొర్లితే మార్చుకోవడానికి రెండో ముద్రణ లేదు. అతను ఆమె కళ్లలోకి చూశాడు.

"మీరంటే నాకిష్టమండీ. చాలా."

"చూశారా? సులభంగానే వచ్చింది."

"లేదండీ. చెయ్యి ఇరుక్కున్నప్పుడే నయం."

ఆమె నవ్వింది. అతని చెంపకి మళ్లీ అంటిన గ్రీజు తన చేత్తోనే తుడిచింది, కళ్లు మాత్రం కిందికి దించుకుంది. "నాకూ కష్టంగానే ఉంది," అంది. "అయినా చెబుతున్నాను. నాకూ మీరంటే ఇష్టమే."

మెట్లమీద మామ్మగారికి ఒక్క ముక్కా వినబడక ప్రాణం మీదికొచ్చింది. "ఏమన్నాడే?"

ఈసారి ఆమె మొహం దాచుకోలేదు.

"జవాబిచ్చాడు అమ్మమ్మా!"